డెస్లీ హస్తవాసి

యార్లన్ క్రీక్‌లో డెస్లీ టక్‌వెల్ చేతికి ఉన్న పేరు ఆమె మొహానికి ఎప్పుడూ లేదు. మొహం చూస్తే ఎవరికీ పలకరించాలనిపించదు. ఎండకి ముడతలు పడి, పెదాలు బిగించుకుని, ఎదుటివాడు అబద్ధం చెప్పబోతున్నాడని ముందే తేల్చుకున్నట్టు ఉంటుంది. అయినా ముళ్లకంచెలో పడి గుర్రం కాలు చీరుకున్నా, ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగినా జనం బండి ఆపేది ఆమె గేటు ముందే. పశువుల డాక్టరు రెండు గంటల ప్రయాణం అవతల ఉంటాడు. డెస్లీ కుట్టిన గాయం చీము పట్టదని, ఆమె చెయ్యి పెట్టి తీసిన దూడ బతికి తీరుతుందని మావాళ్ల నమ్మకం. బతకని దూడలు కూడా ఉన్నాయి. వాటిని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. హస్తవాసి అనే మాటకి ఆ సౌకర్యం ఎప్పుడూ ఉంది.

ఆమె మొగుడు రాయ్స్ కంచెలు వేసే మనిషి. పదిహేనో ఏట గునపం పట్టాడు. అప్పటి నుంచి చొక్కా విప్పి, నెత్తిన టోపీ ఒక్కటి పెట్టుకుని ఆస్ట్రేలియాలోని ఈ క్వీన్స్‌లాండ్ ఎండలో గుంజలు పాతాడు. మా చర్మాలు ఈ ఎండకి పుట్టినవి కావు. మా తాతలు మబ్బూ చినుకూ తప్ప ఎరగని దేశాల నుంచి ఓడెక్కి వచ్చి, ఆ మీగడ చర్మాన్నే మాకు ఆస్తిగా ఇచ్చి పోయారు. నలభై దాటేసరికి మావాళ్ల చేతులూ మెడలూ వీపులూ మచ్చలతో నిండిపోతాయి. ఏది వట్టి మచ్చో ఏది ప్రాణం తీసేదో చూసుకుంటూ బతకాలి. అందుకని నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, పెళ్లాలు వరండాలో మొగుళ్ల వీపులు చూడటం మా ఊళ్లో పాత ఆచారం. కళ్లజోడు పెట్టుకుని, మెడ నుంచి నడుము దాకా వేలితో తడుముతూ పోతారు. ఊరి కబుర్లన్నీ ఒకరి వీపు వెనక నుంచే నడుస్తాయి.

అలాంటి ఒక ఆదివారమే రాయ్స్ ఎడమ రెక్క కింద డెస్లీ వేలు ఆగింది.

"ఇది కొత్తది," అంది.

"నా వీపు మీద పాతవేవో కొత్తవేవో నాకేం తెలుసు? ఆ ఏలుబడి నీది."

"నవ్వకు. మూడు రంగులున్నాయి. అంచు ఎలుక కొరికినట్టుంది. రేపు డాక్టరు దగ్గరికి పద."

"పోయినసారి పోయాగా. భుజం మీద చిన్న చుక్కకి గొయ్యి తవ్వి పెట్టాడు. కుట్లూడి, చీముపట్టి, నెల రోజులు ఆ చెయ్యి ఎత్తలేకపోయా."

"కుట్లున్నన్నాళ్లు గుర్రం ఎక్కొద్దని చెప్పి పంపించాడు. ఎక్కిందెవరు? డాక్టరా?"

"మంద తోలే రోజులు. ఆవులు నా కుట్ల కోసం ఆగుతాయేంటి?"

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది. మావాళ్లు పెంచేవి తెల్లమొహం ఎర్రావులు. వాటికీ ఎండ వల్ల కంట్లో పుండు లేస్తుంది. కంటి తెల్లగుడ్డు మీద బియ్యపు గింజంత పొర కనపడగానే రాయ్స్ ఆ ఆవుని విడిగా కట్టేసి, ఆ వారంలోపే పశువుల డాక్టరుకి కబురు పెట్టేవాడు. ఆలస్యమైతే లోపలికి పాకుతుందని ఊరందరికీ తనే పాఠం చెప్పేవాడు. తన వీపుకి ఆ పాఠం వర్తించదనుకున్నాడు.

పైగా ఆ ఏడు బిస్కట్ సంగతి ఒకటి జరిగి ఉంది. బిస్కట్ వాళ్ల ఆడగుర్రం. దాని కంటి పక్కన పులిపిరిలా కండ పెరిగితే, డెస్లీ సంతలో కారు వెనక తలుపు ఎత్తి నాటుమందులు అమ్ముకునే ఒకడి దగ్గర నల్ల లేపనం డబ్బా కొనుక్కొచ్చి పూసింది. కండ మాడి, ఎండి, రాలిపోయింది. ఆ చోట వెంట్రుకలు తెల్లగా మొలిచాయి తప్ప గుర్రం శుభ్రంగా ఉంది. ఊరంతా ఆమె చేతిని మళ్లీ ఒకసారి మెచ్చుకుంది.

"ఆ డబ్బాలో ఇంకా ఉందిగా," అన్నాడు రాయ్స్. "దానికి పూసిందే నాకూ పుయ్యి."

"అది గుర్రం, రాయ్స్."

"ఆ గుర్రం పాటి చెయ్యనా నేను? మొగుడికంటే గుర్రానికే మంచి వైద్యం చేస్తుందని బార్‌లో నన్ను ఏడిపిస్తున్నారు."

రెండు వారాలు ఇదే పోరు. డెస్లీ కాదంటూనే ఉంది. కానీ నిజం చెప్పాలంటే లోలోపల ఆమెకీ తన చేతి మీద నమ్మకం ఉంది. ఏళ్ల తరబడి నీ చెయ్యి మంచిదని నలుగురూ అంటూ ఉంటే, కాదనుకోవడానికి ఎంత తెలివి కావాలి! ఆ మచ్చ కాస్త పక్కకి, రాయ్స్ చెయ్యి అందే చోట ఉన్నా తనే పూసుకునేవాడు. డెస్లీకి ఆ తర్వాత చెప్పుకోవడానికి ఒక సాకు మిగిలేది. అది సరిగ్గా వీపు మధ్యకి, మనిషి చెయ్యి ఏ పక్క నుంచీ అందని చోట ఉంది.

ఐస్‌క్రీం పుల్లతో పూసింది. పైన గుడ్డ వేసి పట్టీ అంటించింది. సాయంత్రానికి రాయ్స్ వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు, కూర్చోలేక. మర్నాటికి బెల్టు నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు. "కడిగేస్తా" అని డెస్లీ అంటే "పనిచేస్తోంది, అందుకే మండుతోంది, ఉండనీ" అని గసిరాడు. కొన్నాళ్లకి ఆ చోటంతా నల్లగా మాడి, గొడ్డుతోలు ముక్కలా గట్టిపడి, అంచులు విడిపోయి ఊడి పడింది. అడుగున తోకల్లాంటి పోగులు వేలాడుతున్నాయి.

"వేళ్లు!" అన్నాడు రాయ్స్ మురిసిపోతూ. "చూడు, వేళ్లతో సహా పెరికేసింది."

అవి వేళ్లు కావు, ఉడికి మాడిన కొవ్వు పోగులు. జబ్బుకి చెట్టుకున్నట్టు వేళ్లుండవని మాకెవరికీ తెలియదు. రాయ్స్ ఆ ముక్కని జాం సీసాలో స్పిరిటు పోసి దాచాడు. శనివారం శనివారం బార్‌లో చొక్కా ఎత్తి వీపు చూపించేవాడు. నున్నటి తెల్ల మచ్చ, గుండ్రంగా, బిళ్లంత. సీసా చేతులు మారేది. "కత్తి లేదు, కుట్టు లేదు, బిల్లు లేదు. మా ఆవిడ చెయ్యి," అనేవాడు. డెస్లీ పైకి విసుక్కునేది గానీ, ఎవరైనా ఆ డబ్బా ఎక్కడ దొరుకుతుందని అడిగితే చెప్పేది.

బిళ్ల మచ్చ రెండేళ్లు నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంది. ప్రతి మొదటి ఆదివారమూ డెస్లీ చూస్తూనే ఉంది. చూడటానికి అక్కడ ఏమీ లేదు. ఆ తర్వాత ఒక ఆదివారం ఆ తెల్ల మచ్చ అడుగున వేలికి చిక్కుడు గింజలాంటిది తగిలింది. పైకి ఏమీ కనపడదు. నొక్కితే జరగదు. డెస్లీ అతని చెయ్యి ఎత్తించి చంకలో తడిమింది. అక్కడ కోడిగుడ్డులో సగమంత గడ్డ ఉంది.

"ఇదెప్పటి నుంచి?"

"గునపం పట్టీ పట్టీ వాచిందనుకున్నా," అన్నాడు రాయ్స్.

ఈసారి వాదించలేదు. పెద్దాసుపత్రి ఉన్న ఊరికి తెల్లారి బయల్దేరితే మధ్యాహ్నానికి చేరారు. ఫ్లాస్కులో టీ అలాగే ఉండిపోయింది. అక్కడి సర్జన్ డాక్టర్ కసిడీ, పొట్టిగా, నెరిసిన జుట్టుతో, పల్లెటూరి మనుషులతో తొందరపడకుండా మాట్లాడే ఆడమనిషి. గడ్డలోంచి సూదితో తీసి చూస్తే మెలనోమా అని తేలింది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కేన్సర్ అది. వీపు మీది తెల్ల మచ్చని ఆమె దీపం దగ్గరికి లాగి చూసింది.

"ఇక్కడ అంతకుముందు ఏముండేది రాయ్స్? ఎవరు తీశారు?"

రాయ్స్ సంచిలోంచి జాం సీసా తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టిన తీరు చూడాలి, పందెంలో గెలిచిన కప్పు పెట్టినట్టు. "మా ఆవిడే తీసింది. వేళ్లతో సహా. మా ఊళ్లో ఈవిడ చెయ్యంటే చెయ్యే, డాక్టర్."

డెస్లీకి ఆ క్షణాన ఆ కుర్చీతో సహా నేలలోకి దిగిపోవాలనిపించింది. డాక్టర్ కసిడీ ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"ఈ జబ్బులో మేం మొదట అడిగేది మచ్చ ఎంత వెడల్పని కాదు," అంది డాక్టరు. "ఎంత లోతుకి దిగిందని. మచ్చని పచ్చిగా, చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా కోసి తీస్తే, లాబ్‌లో ఆ లోతు కొలుస్తారు. మిల్లీమీటరు లోపు ఉంటే ఇంకాస్త వెడల్పుగా కోసి వదిలేస్తాం. అలాంటివాళ్లలో దాదాపు అందరూ, నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది మంది, అయిదేళ్ల తర్వాత కూడా మీ మాదిరి కంచెలు వేసుకుంటూ ఉంటారు. లోతు పెరిగే కొద్దీ ఆ లెక్క తగ్గుతుంది. గడ్డల్లోకి పాకితే ఇంకా తగ్గుతుంది."

"అయితే దీన్ని కొలవండి," అన్నాడు రాయ్స్ సీసా ముందుకి తోసి.

"పంపిస్తాను. కానీ ఇది మాడిపోయింది. మాడినదాన్ని చదవడం కుదరదు."

కుదరలేదు. లాబ్ నుంచి అదే మాట వచ్చింది. లేపనం పై భాగాన్ని మాడ్చింది, పై చర్మం మూతలా మూసుకుంది, అడుగున మిగిలింది ఆ మూత కింద తన పని తను చేసుకుపోయింది. అప్పట్లో లోతు ఎంత ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరని డాక్టరు చెప్పింది. "పలచగానే ఉండి ఉండొచ్చు," అని కూడా అంది. ఊరడింపుగానే అని ఉంటుంది. ఆ ఒక్క మాట డెస్లీ మెడకి రాయిలా పడింది. ఉండి ఉండొచ్చు. వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా అదే. ఉండి ఉండొచ్చు.

"మరి నా సంగతేంటి? డొంకతిరుగుడు లేకుండా చెప్పండి," అని అడిగాడు రాయ్స్.

"కనపడుతున్నదంతా కోసేస్తాను. వీపు మీద వెడల్పుగా, చంకలో గడ్డలన్నీ. తర్వాత ఒంట్లో రక్షణ బలాన్ని రెచ్చగొట్టే మందు ఎక్కిస్తారు. అది పట్టినవాళ్లు ఏళ్లకేళ్లు ఉన్నారు. పట్టనివాళ్లూ ఉన్నారు. మీరు ఏ వైపో ముందే చెప్పే విద్య నాకు రాదు."

వీపులోంచి సాసరంత ముక్క తీశారు. గొయ్యి మీద తొడ చర్మం వలిచి అతికారు. చంకలో పొడుగాటి కోత. ఇంటికొచ్చేసరికి రాయ్స్ వీపు చూడటానికి మనిషికి గుండె కావాలి. చూడటానికి మొదట వచ్చినవాడు తమ్ముడు లిండ్సే.

లిండ్సే పశువుల లారీ నడుపుతాడు. అన్నకంటే నాలుగేళ్లు చిన్న, నోరు మాత్రం నాలుగింతలు పెద్ద. పెళ్లాం అతని వాగుడు పడలేక సముద్రం ఒడ్డున చెల్లెలి దగ్గరికి పోయి ఏడేళ్లయింది. పట్టీ మారుస్తుంటే వెనక నిలబడి చూసి, మొహం తిప్పుకున్నాడు.

"కసాయివాళ్లు," అన్నాడు. "డెస్ తీసినప్పుడు బిళ్లంత మచ్చ. వీళ్లు చూడు, దూడని కోసినట్టు కోశారు. నిద్రపోతున్నదాన్ని కత్తితో లేపారు."

"అది నిద్రపోలేదు. లోపల మేస్తూ ఉంది," అంది డెస్లీ.

"ఆ డాక్టరమ్మ నీ బుర్ర బాగా తిప్పింది."

ఇదీ వచ్చిన చిక్కు. ఊరు చూసింది రెండే రెండు. డెస్లీ చేసిన మచ్చ, ఆ తర్వాత హాయిగా నవ్వుతూ తిరిగిన మనిషి. సర్జన్ చేసిన గొయ్యి, ఆ తర్వాత మంచానికి అంటుకుపోయిన మనిషి. లాబ్‌లో ఏం చూశారో ఊరు చూడలేదు. రాయ్స్‌కి మందు పట్టలేదు. ఊపిరితిత్తుల్లో చుక్కలన్నారు, తర్వాత తలలో అన్నారు. ఒక్కొక్క కబురూ వచ్చినప్పుడల్లా బార్‌లో కత్తి మీద ఇంకో నింద పడేది, డెస్లీ చెయ్యి ఇంకాస్త మంచిదయ్యేది. దుకాణంలో ఆడవాళ్లు ఆ చేతిని పట్టుకుని మరీ అనేవారు, "నీకే వదిలేసి ఉండాల్సింది, పాపం" అని. ఆమె చెయ్యి లాక్కునేది. దుఃఖంలో ఉంది కదా అనుకునేవారు.

రాయ్స్ ఒక్కసారి కూడా ఆమెని నిందించలేదు. నిందిస్తే ఆమె కొట్లాడేది, ఏడ్చేది, కొంత తేలికపడేది. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు ఆ మొండివాడు. చివరి రోజుల్లో మాట తడబడుతున్నా ఒక మధ్యాహ్నం దగ్గరికి పిలిచాడు.

"లిండ్సే వీపు మీద ఒకటుంది. పోయిన వేసంగిలో ట్యాంకు దగ్గర స్నానం చేస్తుంటే చూశా. నాదానికి చెల్లెలిలా ఉంది."

"వాడితో చెప్పావా?"

"చెప్పా. వాడి వీపు చూసే దిక్కు ఎవరూ లేరు డెస్. నువ్వు తీసుకుపోయి కోయించు."

"వాడు నా మాట వింటాడా?"

"పోయినసారి నువ్వు నా మాట విన్నావు," అన్నాడు. "ఈసారి వాడి మాట వినకు."

రాయ్స్ పోయాడు. దినం రోజున ఊరి హాల్లో శాండ్‌విచ్‌లు, గుమ్మడికాయ రొట్టెలు, టీ, బీరు అన్నీ పెట్టారు. లిండ్సే గ్లాసు ఎత్తి అన్నని గురించి మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు, నలుగురినీ నవ్వించాడు. చివర్లో మాత్రం, "మా అన్నని చంపింది జబ్బు కాదు, కత్తి. మా వదిన చేతిలో ఉన్నన్నాళ్లు రాయిలా ఉన్నాడు," అని కళ్లు తుడుచుకున్నాడు. అందరూ డెస్లీ వైపు జాలిగా చూశారు. ఆమె కప్పులు కడుగుతోంది. తిరిగి ఏమీ అనలేదు. అనాలని తెలుసు. కానీ ఆ హాల్లో ఆమెకి మిగిలిన ఒకే ఒక్క గౌరవం ఆ చెయ్యి.

తర్వాత రెండు నెలలు లిండ్సేని వదల్లేదు. ఫోన్ చేస్తే పెట్టేసేవాడు. లారీ ఆపే చోటికి పోతే "నువ్వూ నీ డాక్టరమ్మా" అని నవ్వేవాడు. వీపు చూపించమంటే చూపించేవాడు కాదు. చివరికి ఒక ఉదయం తనే వచ్చాడు. చేతిలో చిన్న డబ్బా. ఆ నల్ల మూతని డెస్లీ చూడగానే గుర్తుపట్టింది.

"నా చెయ్యి అందట్లేదు డెస్," అన్నాడు లిండ్సే సిగ్గుపడుతూ. "రంగులేసే పుల్లకి గుడ్డ చుట్టి ప్రయత్నించా. అద్దంలో చూస్తే అంతా తిరగబడి, సగం గోడకి పూశా. నీ హస్తవాసి మంచిది. కాస్త పూసి పెట్టు."

"విప్పు చొక్కా."

విప్పి, వరండాలో అదే కుర్చీలో, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. కుడి రెక్క పక్కన ఉంది. చిన్నది. పెసరగింజకంటే కాస్త పెద్దది. రెండు రంగులు, అంచు వంకర. వేలికి ఎత్తుగా ఏమీ తగల్లేదు. డెస్లీ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"పుయ్యను," అంది.

"ఎందుకు?"

"మీ అన్నని ఈ చేత్తోనే చంపాను కాబట్టి."

"పిచ్చి మాటలు మాట్లాడకు. వాణ్ణి చంపింది..."

"కత్తి. విన్నాలే, హాలంతా విన్నది. ఇప్పుడు నేను చెప్పేది విను లిండ్సే. నీ వీపు నీకు అందదు. నీ పెళ్లాం సముద్రం దగ్గరుంది. ఊళ్లో ఇంకెవరి చెయ్యీ నీకు నమ్మకం లేదు, నాకు తెలుసు. ముందు దాన్ని కోయించు. ముక్క పచ్చిగా కొలవనీ. ఆ తర్వాత కావాలంటే ఈ డబ్బా మొత్తం నీకు నెత్తి నుంచి పాదాల దాకా నేనే పూస్తా."

"నువ్వు పూయకపోతే బార్‌లో ఎవడో ఒకడు పూస్తాడు."

"పూయించుకో. వాళ్లలో ఒక్కడికైనా చెయ్యి వణక్కుండా ఉంటుందేమో చూసుకో, అంత తాగాక."

లిండ్సే తిట్టాడు. ఆమె చెయ్యని పాపాలు కూడా కలిపి తిట్టాడు. అన్నని ఆసుపత్రికి ఈడ్చుకుపోయి అమ్మేసిందన్నాడు. డెస్లీ ఆ డబ్బా తీసుకెళ్లి నీళ్ల తొట్టి పక్కన బురదలో బోర్లించింది. తిరిగొచ్చి కారు తాళాలు తీసుకుని మెట్ల మీద కూర్చుంది. తిట్లు ఎప్పటికైనా అయిపోతాయి కదా. అయిపోయాయి. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చి కార్లో కూర్చున్నాడు. దారి పొడుగునా ఒక్క మాట లేదు. అతను మాట్లాడకుండా అన్ని గంటలు ఉండటం అదే మొదటిసారి. అప్పుడు గానీ ఆమెకి తెలియలేదు, వాడు భయపడుతున్నాడని.

డాక్టర్ కసిడీ మచ్చని కోసి తీసింది. కబురు ఫోన్లో వచ్చింది. మెలనోమాయే. కానీ అర మిల్లీమీటరు కూడా లేదు. ఇంకొకసారి వెళ్తే చుట్టూ సెంటీమీటరు మేర కోసి, కుట్టేసి పంపించింది. చంక జోలికి పోలేదు, మందు అక్కర్లేదంది. "ఇక నువ్వు పోతే వేరే దేనితోనో పోతావు లిండ్సే. నీ లారీతోనో, నీ నోటితోనో," అంది. అతను నవ్వలేదు. తిరిగొచ్చే దారిలో పెట్రోలు బంకు దగ్గర మాంసం పఫ్ రెండు కొని ఒకటి ఆమెకి ఇచ్చాడు. కృతజ్ఞత అని ఏదైనా ఉంటే అదే. డెస్లీ దాన్ని కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. అర మిల్లీమీటరు. ఉండి ఉండొచ్చు.

ఏడాది గడిచింది. ఏటా దేశమంతా చూసే గుర్రప్పందేల రోజున హాల్లో భోజనాలు. టీవీలో గుర్రాలు పరిగెడుతున్నాయి, ఆడవాళ్లు టోపీలు పెట్టుకున్నారు. డెస్లీ టీ కెటిల్‌తో బల్లల మధ్య తిరుగుతోంది. కోరీ అని ఒకడు, రాయ్స్ పనులన్నీ ఇప్పుడు చేస్తున్న కంచెల కాంట్రాక్టరు, ముప్పై దాటినవాడు, మెడ వెనక మచ్చ మీద చెయ్యి పెట్టుకుని లిండ్సేతో అంటున్నాడు, "మా ఆవిడ గొడవ చేస్తోంది, డాక్టరుకి చూపించమని. రాయ్స్‌ని తలుచుకుంటే భయమేస్తోంది."

"డాక్టరు మాటెత్తకు," అన్నాడు లిండ్సే. నాలుగు బీర్లు లోపలికి పోయి ఉన్నాయి. "నాకూ వచ్చింది. ఏం చేశా? మా వదిన చేత లేపనం పూయించుకున్నా. కత్తి లేదు, కుట్టు లేదు. చూడు, గుర్రంలా ఉన్నా."

కెటిల్ పట్టుకున్న డెస్లీ అక్కడే ఆగిపోయింది. వాడు ఆ అబద్ధం ఎందుకు ఆడాడో ఆమెకి తెలుసు. అన్న దినం రోజున అందరి ముందూ కసాయివాళ్లని అరిచి, ఆ కసాయివాళ్ల బల్ల మీదే బోర్లా పడుకుని వచ్చాడు. ఆ మాట ఎలా చెప్పుకుంటాడు? ఆ మాత్రం పరువు కోసం కోరీ మెడ ఇచ్చేస్తున్నాడు.

"ఆ లేపనం ఎక్కడ దొరుకుతుంది?" అని కోరీ ఆమెనే అడిగాడు, ఆశగా. "మీరే పూస్తారా?"

డెస్లీ కెటిల్ బల్ల మీద పెట్టింది. లిండ్సే వెనక్కి వెళ్లి, అతను తేరుకునేలోపు, చొక్కా పట్టుకుని మెడ దాకా ఎత్తేసింది. కుడి రెక్క పక్కన అడ్డంగా గీత, దానికి రెండు పక్కలా చుక్కలు చుక్కలుగా కుట్ల గుర్తులు.

"లేపనం కుట్లు వేస్తుందా కోరీ?" అంది. హాలు మొత్తం ఇటు తిరిగింది. "ఇది కత్తి. నేనే కార్లో తీసుకుపోయా. అర మిల్లీమీటరు లోపు ఉండగా కోశారు, అందుకే ఈ వెధవ ఇక్కడ కూర్చుని బీరు తాగుతూ వాగుతున్నాడు."

"డెస్!" అన్నాడు లిండ్సే చొక్కా లాక్కుంటూ. మొహం ఎర్రగా కందిపోయింది.

"మరి రాయ్స్‌కి?" అంది పక్క బల్ల నుంచి ముసలి బెరిల్. జీవితంలో మూడుసార్లు తన ఆవుల కోసం డెస్లీని పిలిపించుకున్న మనిషి. "రాయ్స్‌కి నువ్వే నయం చేశావుగా అమ్మా. కత్తి పడ్డాకేగా పోయాడు."

ఎవరో టీవీ గొంతు తగ్గించారు. చెప్పకుండా ఉండే దారి ఇంకా ఉంది. కోరీ సంగతి తేలిపోయింది, ఇక ఊరుకోవచ్చు. ఆమె తన కుడిచెయ్యి చూసుకుంది.

"నేను నయం చెయ్యలేదు బెరిల్. మూత పెట్టాను. ఇదిగో, ఈ చేత్తో పూసి మాడ్చి, అడుగున ఉన్నదాన్ని రెండేళ్లు పెంచాను. కత్తి రావాల్సినప్పుడు రానివ్వలేదు. రాయ్స్‌ని చంపింది కత్తి కాదు, నేను."

ఎవరైనా కాదంటారని ఒక్క క్షణం చూసింది కాబోలు. ఎవరూ అనలేదు. కెటిల్ తీసుకుని వంటగదిలోకి పోయింది. వెనక కోరీ భార్య మొగుడి చెయ్యి పట్టుకుని లేపుతున్న చప్పుడు వినిపించింది. ఆ మర్నాడే వాళ్లు డాక్టరు దగ్గరికి పోయారని తర్వాత తెలిసింది. ఏం తేలిందో ఎవరూ ఆమెకి చెప్పలేదు.

ఆ రోజు నుంచి డెస్లీ గేటు ముందు బండ్లు ఆగడం మానేశాయి. బెరిల్ ఆవు ఈనలేక రోజంతా అరిస్తే, రెండు గంటల దూరం నుంచి పశువుల డాక్టరు వచ్చేదాకా కూర్చున్నారు గానీ, పక్క పొలంలో ఉన్న డెస్లీని పిలవలేదు. దూడ చచ్చింది. ఆ అరుపులన్నీ ఆమె వరండాలో కూర్చుని వింది. మావాళ్ల గురించి నేను ఇంతకంటే చెడ్డమాట చెప్పలేను, మంచిమాట చెప్పబుద్ధి కాదు.

ఒక్క లిండ్సే మాత్రం వస్తాడు. ఆమెతో మాట్లాడడు. హాల్లో తీసిన పరువు ఇంకా క్షమించలేదు, ఊళ్లో ఇప్పటికీ అన్నని చంపింది కత్తే అంటాడు. కానీ నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం లారీ గేటు ముందు ఆపి, మెట్లెక్కి, చొక్కా విప్పి, ఆ కుర్చీలో వీపు ఇటు పెట్టి కూర్చుంటాడు. డెస్లీ కళ్లజోడు పెట్టుకుని మెడ నుంచి నడుము దాకా వేలితో తడుముతుంది. అన్నదమ్ములు కదా, అచ్చం అదే వీపు. అదే వెడల్పు, నడుం దగ్గర అదే గుంట. ఎడమ రెక్క కింద, వీపు మధ్యకి, మనిషి చెయ్యి ఏ పక్క నుంచీ అందని చోట ఆమె వేలు ప్రతిసారీ ఆగుతుంది. అక్కడ ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. అయినా కాసేపు ఆగుతుంది. లిండ్సే కదలకుండా కూర్చుంటాడు.

"ఏం లేదు," అంటుంది చివరికి. "చొక్కా వేసుకో."